ఎనిమిది వేల దగ్గర

దేవరకొండలో బస్సు మారి
చందంపేట దాటినంక దిగమన్నది ద్వాలి.
మా ఆస్పత్రిలో వార్డు ఆయా.
"నాలుగు రోజులు మా తండాకు రా మేడమ్,
అడవి ఉంటది, అంతే. ఇంకేం ఉండదు" అన్నది.
ఆ ఇంకేం ఉండకపోవడం కోసమే వచ్చిన.

ఇరవై ఆరేండ్లుగా నా పని
కోఠిలో, స్పాంజి గోడల గది ముందర కూర్చొని
అద్దం అవతలి మనిషి చెవులకు
బటన్ నొక్కి చప్పుళ్ళు పంపడం.
"వినపడితే చెయ్యెత్తండి."
కొందరు ఎత్తుతరు.
కొందరు వినపడకున్నా ఎత్తుతరు,
లారీ లైసెన్సు కాగితం మీద సంతకం కావాలె గనుక.

మార్చి చివర. పొద్దున ఆరింటికి
మేకల దొడ్డి వెనుక నుంచి మొదలుపెడితే
పది నిమిషాల్లో తండా కుక్క వెనక్కి తిరుగుతది.
అక్కడి నుంచి అడవి.
అడవంటే ఆకాశమంత చెట్లనుకునేరు.
నడుమెత్తు తునికి, ముడుచుకున్న బిల్లుడు,
బండను కరిచి పట్టుకున్న పొలికి.
ఒక్క మోదుగ మాత్రం, ఆకు లేకుండా,
ఎవరూ పిలవని పెండ్లికి తయారైనట్టు ఎర్రగా.

మొదటి రోజు తెలిసింది ఒకటే.
ఎండాకు మీద నడిచేవాళ్ళకు అడవి దొరకదు.
అడుగేస్తే అప్పడాల గంపలో కాలు పెట్టినట్టు.
నా చప్పుడు నాకే.
ఆగాలె. ఆగితే
ఆ చప్పుడు నాకంటే రెండడుగులు ముందుకు పోయి
అప్పుడు ఆగుతది.
తర్వాత

తర్వాత ఏమీ లేదు.
ఎంత హాయి!
లక్షలు పోసి కట్టినా
ఆటోల గొణుగుడు ఆగని గది మాది.
ఇక్కడ ఉట్టిగనే, తలుపు కూడా లేకుండా.

రెండో రోజు ఇంకా ఎక్కువసేపు ఆగిన.
పొదలో నుంచి కముజు ఒకటి మూడుసార్లు పిలిచింది.
నా కుడి చెయ్యి
నాకు తెలియకుండానే పైకి లేచింది.
నవ్వొచ్చింది.
చూసేవాళ్ళెవరూ లేరని
దించకుండా కాసేపు అట్లనే ఉంచిన.

మూడో రోజు ద్వాలి మనవడు లచ్చిరాం వెంట వచ్చిండు.
రెండు మేకలు, సొట్టపడ్డ సీసాలో నీళ్ళు.
ఎండెక్కినంక మొర్రిచెట్టు కింద కూర్చున్నం.
"ఎంత నిశ్శబ్దంగ ఉందిరా మీ అడవి" అన్న.
ఎగతాళి చేస్తున్ననేమోనని
వాడు నా ముఖంలోకి చూసిండు.
"గీ కీచురాళ్ళు గింతగనం మొత్తుకుంటుంటే
నిశ్శబ్దమా మేడమ్?
నా చెవులు గుయ్యిమంటున్నయి."

చెవులు రిక్కించిన.
గాలి. మేక మెడలో గంట. వాడి ఊపిరి.

వాడు లేచి, చెట్టు దగ్గరికి తీసుకపోయి
వేలు పెట్టి చూపించిండు.
బెరడు రంగులో, వేలి కణుపంత,
రెక్కల కింద పొట్ట వణుకుతున్నది.
కంటికి కనిపించేంత గట్టిగా అరుస్తున్నది.
ఈసారి అద్దం అవతల ఉన్నది నేను.

ఎనిమిది వేల దగ్గర గీత కిందికి జారుతదని
అందరికీ మొదట చెప్పేది నేనే.
"వయసు కదండీ, మాటలకు ఇబ్బంది ఉండదు,
సన్నని చప్పుళ్ళే కొన్ని పోతాయి."
ఎంత తేలిగ్గ చెప్తనో.
ఏ చప్పుళ్ళని ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.
అడిగినా నా దగ్గర జాబితా లేదు.

ఇంతకూ మూడు రోజులుగా నేను మెచ్చుకున్న నిశ్శబ్దంలో
అడవిది ఎంత, నాది ఎంత?

"ఎట్లుంటదిరా, చేసి చూపియ్యి" అన్న.
పండ్లు బిగించి, నాలుక మడిచి
వాడు ఏదో చేసిండు. తుంపర్లు పడ్డయి.
"గిట్ల కాదు... గిట్లనే గని, ఇంకా సన్నగ.
కాలిన పెంక మీద నీళ్ళు చల్లినట్టు.
చల్లినోళ్ళు ఆపుడు మర్చిపోయినట్టు."

నాలుగో రోజు ఒక్కదాన్నే పోయిన.
బస్సుకు ఇంకా టైముంది.
అదే చెట్టు, అదే బెరడు,
అరచెయ్యి ఆనించి నిలబడ్డ.
వణికినట్టే అనిపించింది.
నా నాడే కావచ్చు.

వెనక్కి వస్తూ ఎక్కడా ఆగలేదు.
ఎండాకు మీద కాలు గట్టిగా వేసుకుంటూ,
నాకు వినపడే చప్పుడు
నేనే చేసుకుంటూ వచ్చిన.